చెక్ ఇంజిన్ లైటు, పాత క్యామ్రీ, నెలాఖరు రిజిస్ట్రేషన్

ప్రశ్న: అంకుల్, నమస్తే. నేను టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. పోయిన ఏడాది ఒక సీనియర్ దగ్గర 2008 టొయోటా క్యామ్రీ 3,800 డాలర్లకు కొనుక్కున్నాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్, 1,61,000 మైళ్లు తిరిగింది. కొన్న రోజు డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ లేదు. వారం తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైటు వచ్చింది. బండి బాగానే నడుస్తోంది కదా అని వదిలేశాను. ఇప్పుడు ఈ నెలాఖరుతో రిజిస్ట్రేషన్ అయిపోతోంది. దాన్ని పొడిగించుకోవడానికి కావాల్సిన ఎమిషన్స్ టెస్టుకు (పొగ పరీక్షకు) తీసుకెళ్తే కారు కంప్యూటర్‌లో పి0420 అనే లోపం కోడ్ ఉందని ఫెయిల్ చేశారు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, 1,400 డాలర్లు అవుతుందని ఒక షాపులో చెప్పారు. మా రూమ్మేట్ మాట విని బ్యాటరీ తీగ పీకి, అరగంట ఆగి మళ్లీ పెట్టాను. లైటు పోయింది. సంతోషంగా వెళ్తే ఈసారి 'నాట్ రెడీ' అని వెనక్కి పంపారు. 150 డాలర్లు ఇస్తే పాస్ చేయించే చోటు ఒకటి ఉందని ఒకరు, 2025 నుంచి టెక్సాస్‌లో టెస్టులే తీసేశారు కదా అని ఇంకొకరు అంటున్నారు. నేను ఏడాదికి 4,000 మైళ్లు కూడా తిరగను. కాలేజీ, పార్ట్ టైమ్ పని, ఇండియన్ స్టోరు, అంతే. ఏం చేయాలో తోచడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, నువ్వు రాసినదాన్ని బట్టి నీ కారు స్క్రాపుకు పోవలసినంత స్థితిలో లేదు. టెస్టు పాసయ్యే దారి ఉంది. ఆ 1,400 డాలర్లు పెట్టాల్సి రావచ్చు, రాకపోవచ్చు. అది తేల్చుకోవడానికి అరగంట పని, ఇరవై డాలర్ల వస్తువు ఒకటి చాలు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇరవై ఏళ్లుగా డాలస్ దగ్గర ఒక షాపులో పని చేస్తున్నాను. ప్రతి సెమిస్టరులోనూ నీలాంటి పిల్లలు నలుగురైదుగురు ఇదే కథతో వస్తారు. లైటు, పి0420, బ్యాటరీ, నాట్ రెడీ. వరస కూడా మారదు. అందుకే నీకొక్కదానికే కాకుండా అందరికీ పనికొచ్చేలా విడమరిచి రాస్తున్నాను.

టెస్టులు తీసేశారన్న మాటలో సగమే నిజం. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. బ్రేకులు, టైర్లు, హారన్, వైపర్లు చూసేది అది. ఎమిషన్స్ టెస్టు మాత్రం 17 కౌంటీల్లో అలాగే ఉంది. డాలస్, టారంట్, కాలిన్, నువ్వుంటున్న డెంటన్, హ్యూస్టన్ ఉన్న హ్యారిస్, ఆస్టిన్ ఉన్న ట్రావిస్ అన్నీ అందులోవే. రెండేళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోలు బండి ఈ కౌంటీల్లో రిజిస్టరై ఉంటే ఏటా టెస్టు చేయించాల్సిందే. మీ డెంటన్‌కు ఉత్తరాన కుక్ కౌంటీలో టెస్టు లేదు కాబట్టి అక్కడ ఎవరి అడ్రస్ మీదనో రిజిస్టర్ చేయించుకోమని కూడా నీకు ఎవరో ఒకరు చెప్తారు. ఆ పని చేయకు. ఉండని ఇంటి అడ్రస్ ప్రభుత్వానికి ఇచ్చినట్టు అవుతుంది. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది.

ఈ కౌంటీలకే ఎందుకంటే, ఇక్కడి గాలి బాగాలేదు గనక. డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఓజోన్ ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన హద్దు దాటి ఉంటుంది. కార్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఎండలో కలిస్తే నేలమట్టంలో ఓజోన్ తయారవుతుంది. ఎండాకాలం ఓజోన్ అలర్ట్ వచ్చిన రోజున ఉబ్బసం ఉన్న పిల్లల్ని బయట ఆడుకోనివ్వరు. మా ఇంట్లోనూ అలాంటి మనవడు ఉన్నాడు. కాబట్టి ఈ టెస్టును కాగితం కోసం చేసే తతంగం అనుకోవద్దని నా మాటగా చెప్తున్నాను.

ఇక టెస్టులో ఏం చూస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ అంటే పెట్రోలు బంకు పక్కన వ్యాను, సైలెన్సర్‌లో దూర్చే గొట్టం, ఎక్సలేటర్ తొక్కమని చెప్పే కుర్రాడు గుర్తొస్తారు. ఇక్కడ 1996 నుంచి వచ్చిన కార్ల సైలెన్సర్ జోలికి ఎవరూ వెళ్లరు. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఒక ప్లగ్గు ఉంటుంది. మిషన్ వైరు దానికి తగిలించి నీ కారు కంప్యూటర్నే అడుగుతారు. తాళం తిప్పినప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందా? బల్బు పీకేసి అమ్మేవాళ్లు ఉంటారు కాబట్టి ముందు అది చూస్తారు. ఇంజిన్ స్టార్టయ్యాక ఆ లైటు ఆరిపోయిందా? పొగకు సంబంధించిన భాగాలను కారు తనంతట తానే పరీక్ష చేసుకోవడం పూర్తయిందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే పాస్. మొత్తం పది నిమిషాల పని, మీ కౌంటీలో ఫీజు 18.50 డాలర్లకు మించదు.

నువ్వు బ్యాటరీ తీసినప్పుడు దెబ్బ తిన్నది ఆ మూడోదే. కారు నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ కొన్ని పరీక్షలు చేసుకుంటూ ఉంటుంది. కన్వర్టర్‌కు ఒకటి, ఆక్సిజన్ సెన్సర్లకు ఒకటి, వాటి హీటర్లకు ఒకటి, పెట్రోలు ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా చూసే ఇవాప్ సిస్టమ్‌కు ఒకటి. వీటిని మానిటర్లు అంటారు. పరీక్ష పూర్తయితే 'రెడీ', కాకపోతే 'నాట్ రెడీ'. బ్యాటరీ తీసినా, స్కానర్‌తో కోడ్ చెరిపేసినా లైటుతో పాటు ఈ ఫలితాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ స్థితిలో టెస్టుకు వెళ్లడం, పేపర్లు దిద్దకముందే మార్కుల లిస్టు చూపించమన్నట్టు ఉంటుంది. అందుకే నిన్ను వెనక్కి పంపారు. నీ రూమ్మేట్‌ను తిట్టుకోకు, ఈ చిట్కా టెక్సాస్ అంతా తిరుగుతూనే ఉంటుంది. దీనివల్ల జరిగిన నష్టం ఒకటే: కోడ్‌తో పాటు కంప్యూటర్ దాచుకున్న ఆధారాలూ పోయాయి. ఆ కోడ్ వచ్చినప్పుడు బండి ఏ వేగంలో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నవి మెకానిక్‌కు చాలా పనికొస్తాయి.

మొదటిసారి ఫెయిలైనప్పుడు ఇచ్చిన రిపోర్టు కాగితం దాచావా? దాన్ని పారేయకు. వచ్చిన కోడ్లన్నీ దానిమీద ఉంటాయి. పి0420 ఒక్కటే ఉందా, పక్కన పి0300 లాంటి మిస్‌ఫైర్ కోడో, పి0171 లాంటి పెట్రోలు, గాలి పాళ్ల కోడో ఉందా చూడు. ఉంటే ముందు వాటి సంగతి చూడాలి, పి0420 తర్వాతి మాట. మిస్‌ఫైర్ అయ్యే ఇంజిన్ కాలని పెట్రోలును కన్వర్టర్‌లోకి తోసేస్తుంది, అది అక్కడ మండి లోపలి జల్లెడను కరిగించేస్తుంది. అలాంటి బండికి కొత్త కన్వర్టర్ వేస్తే కొన్నాళ్లకే అదీ పోతుంది. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా కాకుండా టిక్కు టిక్కుమని కొట్టుకుంటోందంటే అది మిస్‌ఫైర్. అప్పుడు ఇంటిదాకా నడుపుకుంటూ పోదామని కూడా అనుకోకు, పక్కన ఆపేయ్.

పి0420 ఒక్కటే ఉందనుకుందాం. ఆ షాపులో నీకు ఏ పరీక్షా చేయకుండా కన్వర్టర్ రేటు చెప్పి ఉంటే అది తొందరపాటు. ఆ కోడ్‌కు అర్థం 'కన్వర్టర్ పని ఉండాల్సినంతగా లేదని కంప్యూటర్‌కు అనిపిస్తోంది' అని. అలా అనిపించడానికి కారణాలు చాలా ఉన్నాయి. కన్వర్టర్‌కు ముందు ఒక సెన్సర్, వెనక ఒక సెన్సర్ ఉంటాయి. ఇంజిన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. మంచి కన్వర్టర్ ఆ ఎగుడుదిగుళ్లను తనలో దాచుకుని సమం చేస్తుంది కాబట్టి వెనక సెన్సర్ నిలకడగా ఉండాలి. అది కూడా ఊగుతుంటే కంప్యూటర్ పి0420 పెడుతుంది. గొట్టం జాయింటు దగ్గర చిన్న లీకు ఉండి బయటి గాలి లోపలికి వస్తున్నా ఊగుతుంది. సెన్సరే ముసలిదైపోయినా తప్పు చెప్తుంది. ఇవేవీ కాకపోతే, అప్పుడు కన్వర్టర్ నిజంగానే అలసిపోయినట్టు.

నీ బండి విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది వేరే ఉంది. 2007 నుంచి 2009 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల క్యామ్రీల్లో 2.4 లీటర్ల ఇంజిన్ ఉంటుంది. అది ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. ఇది గాలి మాట కాదు. టొయోటా కంపెనీయే ఒప్పుకుని, 1,200 మైళ్లకు ఒక క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) కంటే ఎక్కువ ఆయిల్ తాగే బళ్లకు పిస్టన్లు, రింగులు తన ఖర్చుతో మార్చే ఏర్పాటు కొన్నాళ్లు నడిపింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. సిలిండర్‌లో కాలిన ఆయిల్ తాలూకు మసి, అందులోని రసాయనాలు వెళ్లి కన్వర్టర్ జల్లెడ మీద పూత పెట్టేస్తాయి. ఆ జల్లెడ మీదుండే ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలు పూత కింద ఉండిపోతే ఇంక పొగను శుభ్రం చేసేది ఎవరు? నీ క్యామ్రీకి పి0420 ఎందుకొచ్చిందో నన్ను పందెం కాయమంటే నేను దీనిమీదే కాస్తాను.

కాబట్టి రేపు పొద్దున కాలేజీకి వెళ్లేముందు, ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయకుండా, బండి చదునైన చోట ఉండగా బానెట్ ఎత్తు. పసుపు రంగు కొక్కెంతో ఉన్న డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లాగి, పేపర్ టవల్‌తో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దించి లాగి చూడు. కొసన రెండు గుర్తులు ఉంటాయి, ఆయిల్ తడి వాటి మధ్యలో ఉండాలి. కింది గుర్తుకు కూడా అందకపోతే భయపడాల్సిందే, ఎందుకంటే ఆ ఇంజిన్‌లో పట్టేదే నాలుగు క్వార్టుల పైచిలుకు. తగినంత పోసి, ఓడోమీటర్ ఫోటో తీసి పెట్టుకో. వారం వారం అదే టైమ్‌కు చూస్తే ఎంత తాగుతోందో తెలిసిపోతుంది. పోయిన చలికాలం ఒక అబ్బాయి ఇలాగే పి0420తో వచ్చాడు. నేను డిప్‌స్టిక్ లాగితే కొసన ఒక్క చుక్క లేదు, పొడిగా ఇనుప వాసన వేస్తోంది. వేరేచోట అంతకు ముందు నెలే కన్వర్టర్ మార్పించుకున్నాడట. తొమ్మిది వందల డాలర్లు. ఆయిల్ ఎవరూ చూడలేదు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

నీ బండి కూడా ఆయిల్ తాగుతుంటే ముందు పీసీవీ వాల్వు మార్పించు. చాలా చవక వస్తువు, ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని అదుపుగా లాగేసేది అదే. అది పాడైతే ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. దానితో తగ్గకపోతే లోపం రింగుల్లో ఉన్నట్టు. 3,800 పెట్టి కొన్న కారుకు ఇంజిన్ విప్పించడం నేను చెప్పను. ఆయిల్ చూసి పోసుకుంటూ చదువు అయ్యేదాకా నడుపుకోవచ్చు. అయితే అలాంటి బండికి ఖరీదైన కంపెనీ కన్వర్టర్ వేయించవద్దు.

ఇప్పుడు ఇరవై డాలర్ల వస్తువు. కారు కంప్యూటర్‌లోని కోడ్లు చదివి, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకో. అప్పటిదాకా ఆగలేకపోతే ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుకు వెళ్తే కోడ్ ఉచితంగా చదివి చెప్తారు. కోడ్ చదివిన వెంటనే విడిభాగం చేతిలో పెట్టబోతారు. చదివించుకుని వచ్చేయ్, ఏదీ కొనకు. నీ స్కానర్ వచ్చాక ఇంజిన్ బాగా వేడెక్కేలా పావుగంట నడిపి, ఎక్కడైనా ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను నిమిషానికి 2,500 చుట్ల దగ్గర నిలకడగా పట్టి వెనక సెన్సర్ గ్రాఫు చూడు. యాప్‌లో దాన్ని 'బ్యాంక్ 1 సెన్సర్ 2' అంటారు. గీత అర వోల్టుకు కాస్త పైన, చెరువు నీళ్లలా కదలకుండా ఉందంటే కన్వర్టర్‌లో ఇంకా ప్రాణం ఉంది, లీకు కోసమో సెన్సర్ కోసమో వెతకాలి. గీత 0.1కీ 0.8కీ మధ్య ఎగిరెగిరి పడుతుంటే కన్వర్టర్ మీద ఆశ తక్కువ. లీకు సంగతి చలి ఇంజిన్‌తో తెలుస్తుంది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కింద నుంచి టక టక మని ఊదినట్టు చప్పుడు, జాయింటు దగ్గర నల్లటి మసి మరక ఉన్నాయేమో చూడు. గాస్కెట్టు మార్చితే పోయే లీకుకు కన్వర్టర్ మార్చినవాళ్లను నేను చూశాను.

నిజంగా కన్వర్టర్ మార్చాల్సి వస్తే టెక్సాస్‌లో ఫెడరల్ నియమాలకు సరిపోయే ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీది కాకుండా బయటివాళ్లు చేసే) కన్వర్టర్ చాలు. కాలిఫోర్నియాలో నడిచే కారుకు నియమాలు వేరు, అక్కడ ఉండేవాళ్లు చెప్పిన రేటుతో నీ రేటు పోల్చుకోకు. కొత్త ఆఫ్టర్‌మార్కెట్ దానికి 25,000 మైళ్ల పనితీరు గ్యారంటీ ఉంటుంది. ఏడాదికి 4,000 తిరిగే నీకు అది బోలెడు. రెండు మూడు షాపుల్లో రేటు అడుగు, మఫ్లర్ (సైలెన్సర్) పనులు మాత్రమే చేసే చోట తరచు తక్కువకు చేస్తారు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఇనుప గొట్టం ముక్క వెనక సెన్సర్‌కు తగిలిస్తే కోడ్ రాదని వీడియోలు చూపిస్తాయి. అది కంప్యూటర్‌కు అబద్ధం చెప్పించడం, ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పొగ అలాగే పోతూ ఉంటుంది.

సరే, కారణం దొరికి బాగు చేయించావు. ఇప్పుడు మానిటర్లు రెడీ కావాలి. ఇక్కడ నీకు ఒక వెసులుబాటు ఉంది. 2001 నుంచి వచ్చిన కార్లకు టెక్సాస్‌లో ఒక మానిటర్ నాట్ రెడీగా ఉన్నా పాస్ చేస్తారు. అన్నిటికంటే మొండిది ఇవాప్. నీ క్యామ్రీలో అది బండి ఆపేసిన ఐదు గంటల తర్వాత, ఎవరూ లేనప్పుడు, తనంతట తాను పంపు వేసి లీకు చూసుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నా, బయట ఎండ మరీ మండుతున్నా చేసుకోదు. టెక్సాస్ ఎండల్లో దాని కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు, వదిలేయొచ్చు. మిగిలినవి మాత్రం పూర్తవ్వాలి. గ్యాస్ క్యాప్ (పెట్రోలు ట్యాంకు మూత) టిక్కు టిక్కుమని మూడుసార్లు చప్పుడయ్యేలా బిగించు. దాని రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చు. ఇవాప్ కోడ్ వచ్చి లైటు వెలిగితే అది వెసులుబాటు కిందికి రాదు, ఫెయిలే.

మిగతా మానిటర్ల కోసం ఒక పొద్దుటి ప్రయాణం కావాలి. రాత్రంతా బండి కదలకుండా ఉండాలి. ట్యాంకులో పెట్రోలు పావుకూ ముప్పావుకూ మధ్య ఉండాలి. ఆదివారం పొద్దున ఆరింటికి ఇంటర్‌స్టేట్ 35 మీద సాంగర్ వైపు వెళ్లు, ఆ టైమ్‌లో ట్రాఫిక్ ఉండదు. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచి, ఊళ్లో మెల్లగా నడిపి, హైవే ఎక్కాక కుడి లేన్‌లో యాభై ఐదు అరవై మైళ్ల మధ్య ఒకే వేగంతో పావుగంట పో. ఎక్సలేటర్ మీద కాలు ఊపకు. ఎగ్జిట్ దగ్గర వెనక ఎవరూ లేకపోతే బ్రేకు వేయకుండా కాలు తీసేసి వేగాన్ని దానంతటదే తగ్గనివ్వు. ఊళ్లోకి వచ్చి నాలుగైదు సిగ్నళ్ల దగ్గర ఆగి కదులు. మళ్లీ హైవే మీద వెనక్కి రా. ఇంటికొచ్చి ఇంజిన్ ఆపకుండానే స్కానర్‌లో మానిటర్లు చూడు. ఒక్క రోజుకే అన్నీ అవ్వకపోతే బెంగ పెట్టుకోకు, రెండు మూడు పొద్దులు పడుతుంది. ఆ యాప్‌లోనే 'పెండింగ్ కోడ్స్' అని ఉంటుంది. పి0420 ఒకసారి తప్పు కనబడితే అక్కడికి వస్తుంది, వరసగా రెండోసారి కనబడితే లైటు వెలుగుతుంది. కన్వర్టర్ మానిటర్ రెడీ అయి, పెండింగ్ ఖాళీగా ఉంటే ఆ రోజే టెస్టుకు వెళ్లు. పెండింగ్‌లో పి0420 ఉంటే వెళ్లకు, ఇంకా బాగు కాలేదు.

ఫెయిలైన స్టేషన్‌కే పదిహేను రోజుల్లోపు తిరిగి వెళ్తే ఒకసారి ఉచితంగా చూస్తారు. ఆ అవకాశం నువ్వు నాట్ రెడీ రోజున వాడేసుకున్నావనుకుంటాను. ఇంకో 18.50 పోతే పోనీ.

ఇక ఆ 150 డాలర్ల చోటు. దీనిమీద గట్టిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. వాళ్లు చేసేది ఏమిటంటే నీ కారు పేరు మీద వేరే మంచి కారుకు వైరు తగిలించడం. దాన్ని క్లీన్ స్కాన్ అంటారు, నేరం. 2005 తర్వాతి కార్లలో కంప్యూటరే తన విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చెప్తుంది. కాగితం మీద నీ క్యామ్రీ విన్, కంప్యూటర్ చెప్పింది ఇంకో బండి విన్ అయితే ఆ తేడా రికార్డులో ఉండిపోతుంది. అలాంటి స్టేషన్లను పట్టుకున్నప్పుడు లెక్కలన్నీ బయటికి తీస్తారు, అందులో నీ పేరూ ఉంటుంది. వీసా మీద చదువుకుంటున్న పిల్లవి. మీ అమ్మా నాన్నా ఎంత అప్పు చేసి పంపారో నాకు తెలియదు కానీ, 150 డాలర్ల పనికి ఒక క్రిమినల్ కేసు నీ పేరు పక్కన పడితే రేపు ఓపీటీకి (చదువయ్యాక పని చేసుకునే అనుమతికి), ఆపైన హెచ్1బీకి ఎన్నిచోట్ల జవాబు చెప్పుకోవాలో ఆలోచించు. ఆ నంబర్ ఫోన్‌లోంచి తీసెయ్.

గడువు సంగతి చెప్తాను. రిజిస్ట్రేషన్ తేదీ దాటాక ఐదు పనిదినాల దాకా పోలీసులు టికెట్ ఇవ్వరు. ఆ తర్వాత పట్టుకుంటే 200 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. పని సగంలో ఉండి తేదీ దాటేలా ఉంటే బండి ఇంటి దగ్గర పెట్టి, షాపుకూ టెస్టుకూ తప్ప బయటికి తీయకు, రసీదులు బండిలో ఉంచుకో. వచ్చే ఏడాది మాత్రం ఆఖరి వారం దాకా ఆగకు. రిజిస్ట్రేషన్ గడువుకు తొంభై రోజుల ముందు నుంచే టెస్టు చేయించుకోవచ్చు.

బాగు చేయించినా, రెండోసారి కూడా ఫెయిలైతే ఏమిటంటావా? డీపీఎస్ (టెక్సాస్ పబ్లిక్ సేఫ్టీ శాఖ) వాళ్ల దగ్గర వేవర్ అని ఒక మినహాయింపు ఉంది. తక్కువ తిరిగే బండికి ఇచ్చేది నీకు సరిపోవచ్చు. పోయిన ఏడాదిలో 5,000 మైళ్ల లోపు తిరిగి ఉండాలి, వచ్చే ఏడాదీ అంతే తిరుగుతానని చెప్పాలి, పొగకు సంబంధించిన రిపేరుకు కనీసం 100 డాలర్లు ఖర్చు పెట్టి ఉండాలి. మైళ్ల షరతు కుదరకపోతే 600 డాలర్లు ఖర్చు పెట్టినవాళ్లకు ఇచ్చే ఇంకో రకం ఉంది. షాపు కూలీ ఆ లెక్కలోకి రావాలంటే ప్రభుత్వం గుర్తించిన ఎమిషన్స్ రిపేరు షాపులోనే చేయించాలి, వేరే చోట చేయిస్తే విడిభాగాల ఖర్చే లెక్క. కాబట్టి షాపులోకి బండి పెట్టేముందే ఆ గుర్తింపు ఉందా అని అడుగు, ప్రతి రసీదూ దాచు. వేవర్ దొరుకుతుంది కదా అని కారణం వెతకడం మానేయకు. అది ఒక్క ఏడాదికే, ఆయిల్ తాగే బండి వచ్చే ఏడాదికి ఇంకాస్త పాడవుతుంది.

ఆ సీనియర్ గురించి నువ్వు ఏమీ అనలేదు కానీ, కొన్న వారానికే లైటు వచ్చిందని రాశావు. అమ్మే ముందు ఎవరో కోడ్ చెరిపేసి ఉంటారు. అతనే చేశాడో, అతనికి అమ్మినవాళ్లు చేశారో మనకు తెలియదు, తేల్చలేం. తర్వాత కారు కొనే నీ స్నేహితులకు మాత్రం ఈ స్కానర్ అరువివ్వు. కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లగ్గుకు తగిలించి మానిటర్లు చూడమను. సగం పైగా నాట్ రెడీగా ఉంటే ఈమధ్యే చెరిపేసినట్టు. చాలా కార్లలో 'కోడ్లు చెరిపాక తిరిగిన దూరం' అని కూడా కనబడుతుంది. అది ఇరవయ్యో ముప్పయ్యో మైళ్లు చూపిస్తే, వంద మైళ్లు తిప్పి మళ్లీ చూపించమని అమ్మేవాళ్లను అడగాలి. అందుకు ఒప్పుకోకపోతే ఆ కారు వద్దు.

డిప్‌స్టిక్ చూశాక ఆయిల్ ఎక్కడుందో, రిపోర్టు కాగితం మీద ఇంకేమైనా కోడ్లు ఉన్నాయో రాయి. రెండూ తెలిస్తే కన్వర్టర్ అవసరమో కాదో ఇంకాస్త గట్టిగా చెప్పగలను. ఈలోగా ఆదివారం వచ్చేస్తే ఆ హైవే ప్రయాణం మానకు, పెండింగ్‌లో ఏం వచ్చిందో అదే నాకు కావాల్సిన మూడో సంగతి. శనివారం రాత్రి ట్యాంకు నింపేయకు, సగం దగ్గర ఉంచు.